బెన్నెట్ గారి అయిదుగురమ్మాయిలు, వయా పటమట

మొన్న ఏలూరు రోడ్డులో మా మేనకోడలు ఒక ఇంగ్లీషు నవల కొనిపించింది. జేన్ ఆస్టిన్ 1813లో అచ్చువేయించిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ను, అంటే బెన్నెట్ గారి అయిదుగురమ్మాయిల పెళ్లిళ్ల కథని, కుర్రకారు కోసం అమెరికా స్కూల్లో పెట్టి తిరగరాశారట. బాల్ డాన్స్ పోయి స్కూల్ పార్టీ వచ్చింది, హీరో డార్సీ చేతికి ఫోనొచ్చింది. అసలు కథలో హీరోయిన్ ఎలిజబెత్‌కి ఇరవై, ఆఖరి చెల్లెలు లిడియాకి పదిహేను. ఇంకా ఎంత కుర్రకారు కావాలో!

పైగా అమెరికా దాకా ఎందుకు? మా బెజవాడ పటమటకి తెచ్చుకుంటే మార్చాల్సిన పనే ఉండదని, సాహిత్యసేవగా ఆ భారం నేనే ఎత్తుకున్నాను.

ఆదాయంతో మొదలుపెట్టాను. డార్సీ స్నేహితుడు బింగ్లీకి ఏడాదికి నాలుగైదు వేల పౌండ్లు, డార్సీకి పదివేలు. ఊళ్లో వాళ్లకి మనిషి గుణం కంటే ముందు ఈ లెక్కే తెలుస్తుంది. పౌండ్లు కొట్టేసి ప్యాకేజీ అని రాశాను, అధ్యాయం పూర్తయింది.

వాన దగ్గర చిక్కొచ్చింది. మబ్బు పట్టిందని తెలిసే తల్లి పెద్దమ్మాయి జేన్‌ని గుర్రం మీద బింగ్లీ వాళ్లింటికి పంపుతుంది. తడిస్తే రాత్రికి అక్కడే ఉంచేస్తారని ఆశ. నేను గుర్రం తీసి స్కూటీ పెట్టాను.

“పెళ్లికాని పిల్లని అబ్బాయి వాళ్లింట్లో ఉండనిస్తారా మావయ్యా?” అంది మేనకోడలు.

ఈ విషయంలో 1813 నాటి ఇంగ్లండు పటమట కంటే ముందుందని ఒప్పుకోవడం దేశభక్తుడిగా నాకు కష్టమే. స్కూటీ వెనక తల్లిని కూడా ఎక్కించాను.

తర్వాత ఆ అమ్మాయిల కజిన్ కాలిన్స్. బెన్నెట్‌కి కొడుకుల్లేరు కాబట్టి ఆస్తి ఇతనికే పోతుంది, పెళ్లికీ ఇతనే వస్తాడు. బాబాయి కొడుకైతే మనకి అన్న వరస, అందుకని మేనత్త కొడుకుని చేశాను. కానీ ఆస్తి? ఆడపిల్లలకి సమానవాటా అని ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లోనే చట్టం చేసింది కదా. కథ చచ్చిందనుకుని తెలిసిన డాక్యుమెంట్ రైటర్‌ని అడిగాను.

“చట్టం పాటికి చట్టం ఉంటుందండీ. ‘పెళ్లికి అంత పెట్టాం కదమ్మా’ అని ఇక్కడో సంతకం, అక్కడో సంతకం పెట్టిస్తాం. మొన్నే ఒకటి రాశా” అన్నాడాయన, స్టాంపు పేపరు మడతపెడుతూ.

కథకి ప్రాణం లేచొచ్చింది. ఆ ఉత్సాహంతో రాత్రికి రాత్రే పెళ్లి దాకా రాసేసి పొద్దున్నే అక్కకి చదివి వినిపించాను. కాఫీ గ్లాసు పట్టుకుని బుద్ధిగా చివరిదాకా విని, ఒక్కటే అడిగింది.

“అంతా బానే ఉందిరా. ఇంతకీ డార్సీ వాళ్లేమిట్లు?”