‘మూడున్నర లక్షల బస్సిల్లు’కు ఆటోనగర్ నుంచి జవాబు

విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా బస్సు బాడీలు కడుతున్నాను. “అన్నా, బస్సులో వంటిల్లు పెట్టిస్తావా” అని అడిగినవాళ్లు ఇన్నేళ్లలో ఐదారుగురుంటారేమో. రెండు నెలలుగా మాత్రం వారానికి పదిమంది అడుగుతున్నారు. అందరి ఫోన్లోనూ అదే వాట్సాప్ సందేశం. ఫొటోలో బస్సు, లోపల చెక్కపని, మంచం మీద తెల్లటి దుప్పటి. కింద రాసిందాని సారం ఇది: ఆర్టీసీ తీసేసిన బస్సు వేలంలో లక్షన్నరకే వస్తుంది. ఇంకో రెండు లక్షలు పెడితే ఇల్లు తయారు. బస్సు మీది, లోపల మీ ఇష్టం. పైన సోలార్ పలకలు వేస్తే ఏసీ ఉచితం. అద్దె లేదు, ఇంటిపన్ను లేదు, ఎక్కడైనా ఆపుకోవచ్చు, ఊరు నచ్చకపోతే తాళం తిప్పి నచ్చిన ఊరికి వెళ్లిపోవచ్చు. అమెరికాలో వేలమంది ఇలాగే బతుకుతున్నారు.

ఆ చివరి మాట నిజమే, ముందు దాన్ని ఒప్పుకుంటా. అక్కడ పాత పసుపు స్కూలు బస్సులు కొని ఇళ్లుగా మార్చుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ పని పూర్తయ్యాక బండిని ‘ఆర్‌వీ’గా, అంటే లోపల ఉండటానికి వీలున్న బండిగా, కాగితాల్లో మార్పించుకునే పద్ధతి చాలా రాష్ట్రాల్లో ఉంది. రాత్రికి ఆపుకోవడానికి క్యాంపుగ్రౌండ్లున్నాయి. కరెంటు ప్లగ్గు, నీళ్ల పైపు, మురుగు పైపు మూడూ అక్కడే తగిలించుకోవచ్చు. మనకున్నది హైవే పక్కన ధాబా. రాత్రికి లారీ ఆపుకోనిస్తాడు, పొద్దున్నే మీ మురుగు ట్యాంకు అక్కడ దించుతానంటే ఊరుకోడు. బస్సు ఇల్లు కావాలంటే బస్సొక్కటే చాలదు, దాని చుట్టూ ఇదంతా ఉండాలి.

ఇక లక్షన్నర సంగతి. ఆర్టీసీ బస్సును కండెమ్ చేసేది పది లక్షల కిలోమీటర్లు దాటేదాకా తిప్పాకే. దానిలో మిగిలింది ఏమిటో వాళ్ల మెకానిక్కులకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అంతకంటే ముఖ్యమైనది కేంద్రం మార్చిన నిబంధన. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ శాఖల, రవాణా సంస్థల బండ్లకు పదిహేనేళ్లు నిండితే రిజిస్ట్రేషన్ అక్కడితో ఆగిపోతుంది, రెన్యువల్ లేదు. ఆ బండిని గుర్తింపున్న తుక్కు కేంద్రానికే ఇవ్వాలి. అంటే సందేశంలో చెప్పిన బస్సు మీ ఇంటికి కాదు, కటింగ్ టార్చి కిందికి వెళ్తుంది. పదిహేనేళ్లు నిండకుండా తీసేసినవి వేలానికి వచ్చినా, తుక్కు కింద అమ్మితే అప్పటికే సీ బుక్కు రద్దయి ఉంటుంది. పోటీకి నిలబడేవాళ్లు పాత ఇనుము వ్యాపారులు. వాళ్లు ఒక్క బస్సు కోసం రారు, లాటు లాటుగా ఎత్తుకుపోతారు. పాడిన ధర మీద 18 శాతం జీఎస్టీ వేరే. బ్యాటరీ ఉండదు, ఉన్న టైర్లు రీబటన్ చేసినవి, అంటే అరిగినదాని మీద కొత్త రబ్బరు అంటించినవి, అవీ అరిగి గుండు. కొత్త టైరు ఒక్కోటి ఇరవై వేల పైమాటే. బస్సుకు ఆరు, స్టెప్నీతో ఏడు. టైర్లకే లక్షన్నర లేచిపోతుంది చూశారా!

“బస్సు మీది, లోపల మీ ఇష్టం” అన్నమాట దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. ఎందుకంటే దీన్ని నమ్మి పని చేయించుకున్నాక బ్రేక్ ఇన్‌స్పెక్టర్ పట్టుకుంటే, ముందు తిట్లు తినేది మేమే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం సీ బుక్కులో రాసినదానికి, తయారీ కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టంలో శిక్ష కూడా కలిపారు: ఒక్కో మార్పుకు ఐదు వేలు జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. సీట్లు పీకడం ఒక మార్పు, మంచాలు బిగించడం ఒకటి, టాపు మీద పలకలు ఒకటి. లెక్క మీరే వేసుకోండి. రేపు ఎవరినైనా గుద్దితే బీమా కంపెనీ మొదట అడిగేదీ ఇదే.

దారే లేదా అంటే ఉంది. ఇల్లులాంటి బండికి ‘మోటార్ కారవాన్’ అని మన దేశంలోనూ ఒక వర్గముంది, దానికి ఏఐఎస్-124 అనే ప్రమాణముంది. సొంత వాడకానికైతే రవాణాయేతర వాహనంగా రిజిస్టర్ కావచ్చు. కానీ ఆ ప్రమాణానికి తగ్గట్టు కట్టాలి, పరీక్షల సంస్థ దగ్గర ఆమోదం తెచ్చుకోవాలి. కారవాన్లు కట్టే కంపెనీలు ఆ ఖర్చును పది బండ్ల మీద పంచుకుంటాయి. ఒక్క పాత బస్సు మీద దాన్ని మోసేవాడిని నేనింతవరకూ చూడలేదు. నడపడానికి హెవీ లైసెన్సు కావాలన్న సంగతి సందేశంలో మాటవరసకైనా లేదు. కారు లైసెన్సుతో ఇంత బస్సు నడపడం కుదరదు.

రెండు లక్షల్లో ఇల్లు? బస్సు పొడవు సుమారు 36 అడుగులు, లోపలి వెడల్పు ఎనిమిది అడుగులకు తక్కువ. డ్రైవరు భాగం పోగా మిగిలేది 230 చదరపు అడుగులు. ఎత్తు ఆరడుగులకు కాస్త ఎక్కువ, వేడి ఆగడానికి పైనా కిందా రెండేసి అంగుళాలు నింపితే పొడుగువాడి తల తగులుతుంది. సీలింగ్ ఫ్యాను ఊసే వద్దు. నేల రేకు లేపితే కింద క్రాస్ మెంబర్లు, అంటే నేలను మోసే అడ్డ కమ్మీలు, తుప్పుపట్టి చేతికి పొడిగా రాలడం నాకు మామూలే. అవి మార్చకుండా పైన టైల్స్ అంటించమంటారు కొందరు. పుండు మీద పట్టుచీర కప్పినట్టుంటుంది. బస్సు ఈ బరువు మోయలేదనే మాట మాత్రం తప్పు. యాభై ఐదుమంది జనాన్ని, అంటే మూడున్నర టన్నులకు పైగా, రోజూ మోసిన బండి అది. గొడవంతా బరువు ఎక్కడ పడుతుందన్న దగ్గరే. నీళ్ల ట్యాంకు, పొయ్యి గట్టు, బీరువా అన్నీ ఒకే పక్కన పెడితే కమాన్ కట్టలు (చక్రాల దగ్గర బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులు) ఆ పక్కకే కుంగుతాయి.

నీళ్లన్నాను కాబట్టి, దాని సంగతీ చూద్దాం. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లన్నది సర్కారు లెక్క. నలుగురికి 540. పొదుపుగా సగంతో గడిపినా 500 లీటర్ల ట్యాంకు రెండు రోజులు రాదు. ఆ నీళ్లే అర టన్ను.

ఉచిత ఏసీ దగ్గర సందేశం రాసినవాడు సగం నిజం చెప్పాడు. టాపు మీద స్థలం బాగానే ఉంది, మూడు కిలోవాట్ల పలకలు పడతాయి. ఎండ బాగుంటే రోజుకు పన్నెండు యూనిట్లొస్తాయి. టన్ను ఏసీ రాత్రి ఎనిమిది గంటలు తిరిగితే ఏడెనిమిది యూనిట్లు తాగుతుంది. లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ ఆ కరెంటు పగటిది, ఏసీ రాత్రిది. మధ్యలో దాచడానికి పది యూనిట్ల లిథియం బ్యాటరీ కావాలి. దానికే మీ రెండు లక్షల్లో చాలా భాగం పోతుంది. ఇంట్లో ఇన్వర్టరుకు పెట్టుకునే 150 ఏహెచ్ బ్యాటరీలో ఉండేది నిండుగా రెండు యూనిట్లు కూడా కాదు.

ఇంకో చిక్కుంది. పలకలకు ఎండ కావాలి, మనిషికి నీడ కావాలి. చెట్టు కింద ఆపితే కరెంటు రాదు. మే నెలలో రెంటచింతల ఎండలో ఆపితే ఆ రేకు డబ్బాలో పగలంతా కూర్చోలేరు. పగలు కూడా ఏసీ వేస్తే రాత్రికేం మిగులుతుంది? మేం షెడ్డులో మధ్యాహ్నం పూట బాడీ లోపలి పని ఆపేసేది ఇందుకే.

“ఎక్కడైనా ఆపుకోవచ్చు” అంటే, చట్టంలో 127వ సెక్షన్ ఒకటుంది. మనిషి లేకుండా పది గంటలు రోడ్డు మీద వదిలిన బండిని పోలీసులు లాగించేయొచ్చు. “నచ్చిన ఊరికి వెళ్లిపోవచ్చు” అంటే, ఈ బస్సు లీటరుకు ఐదు కిలోమీటర్లిస్తే గొప్ప. ఇక్కణ్నించి విశాఖ 350 కిలోమీటర్లు. వెళ్లి రావడానికి 140 లీటర్లు, లీటరు 97 అనుకుంటే సుమారు 13,600 రూపాయలు. ఆ డబ్బుతో ఇద్దరు రైల్లో వెళ్లి, బీచ్ ఎదురుగా గది తీసుకుని, చేపల పులుసు తిని రావచ్చు.

సందేశంలో అసలు లేనిదాన్ని కూడా ఇక్కడే చెప్పాలి, నిప్పు. 2013 అక్టోబరులో మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర వోల్వో బస్సు కల్వర్టును గుద్దుకుని కాలిపోతే 45 మంది పోయారు. 2023 ఆగస్టులో మదురైలో ఆగి ఉన్న పర్యాటక రైలు పెట్టెలో గ్యాస్ సిలిండరు వల్ల తొమ్మిదిమంది పోయారు. మీ బస్సులో ప్లైవుడ్డు, ఫోము, కర్టెన్లు, పాత వైరింగు, వాటి పక్కనే సిలిండరు. పైగా వచ్చినవాళ్లలో ఎక్కువమంది వెనక ఎమర్జెన్సీ డోరుకు అడ్డంగానే మంచం పెట్టమంటారు. ఆ పని నేను చేయను, వేరే షెడ్డు చూసుకోమంటాను.

ఇన్ని చెప్పానని పాత బస్సు దేనికీ పనికిరాదనుకోకండి. 2020లో కేరళ ఆర్టీసీ మున్నార్ డిపోలో ఒక పాత బస్సుకు పదహారు పడకలు బిగించి, మంచానికి వంద రూపాయల చొప్పున పర్యాటకులకిచ్చింది. అది బాగానే నడిచింది. ఎందుకో గమనించండి: బస్సు కదల్లేదు, డిపోలోనే ఉంది. పక్కనే డిపో మరుగుదొడ్లున్నాయి, కరెంటుంది, కాపలా ఉంది. మున్నార్ కాబట్టి ఏసీ అక్కర్లేదు. పుణెలో పాత బస్సుల్ని ఆడవాళ్ల మరుగుదొడ్లుగా మార్చారు, అవీ ఆగి ఉన్నవే.

అందుకే ఫోన్ చేసినవాళ్లను నేనొకటే అడుగుతాను: “బాబూ, తిరగాలా, ఉండాలా?” తిరగాలంటే కారవాన్ అద్దెకు తీసుకోండి. ఉండాలంటే మీకు సొంత జాగా ఉందా? ఉంటే ఇంజిను, గేర్‌బాక్సు, యాక్సిళ్లు తీసేసిన బాడీని పాత ఇనుము వాళ్ల దగ్గర కొనండి, ట్రాలీ మీద తెప్పించండి.

నూజివీడు దగ్గర ఒక మామిడి తోటలో కాపలా గదికి నేనలాంటిదే చేశాను. సిమెంటు దిమ్మెల మీద నిలబెట్టి, టాపు మీద తాటాకు పందిరి వేశాం, గాలి ఆడేలా రేకుకూ పందిరికీ మధ్య అడుగు ఖాళీ వదిలాం. కరెంటు మోటారు షెడ్డు నుంచి, స్నానం బోరు దగ్గర. టైర్లు లేవు, సోలార్ లేదు, సీ బుక్కుతో పనే లేదు. స్టీరింగు తీసేద్దామంటే మాత్రం తోట యజమాని ఒప్పుకోలేదు, సెలవులకు మనవడు వస్తాడట.