నావల్ల కాదని నలభై పేజీల్లో చెప్పే మహాశయా!

అమెరికా ఫెడరల్ అప్పీలు కోర్టుల్లో వెలసిన
ఆండర్స్ బ్రీఫ్ గారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా పాత అలవాటు. కానీ మీ విషయంలో మూడో మనిషి ఒకడున్నాడు. పోస్టులో వెళ్లి మీరు ఎవరి చేతిలో పడతారో, ఆ ఖైదీ. అతని కుశలం సంగతి మీకే బాగా తెలుసు.

మిమ్మల్ని ఎరగని మా వాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను, ఏమనుకోకండి. 1963 మార్చి 18న అమెరికా సుప్రీంకోర్టు ఒకే రోజు రెండు తీర్పులిచ్చింది. పెద్ద నేరం మోపినప్పుడు డబ్బుల్లేని ముద్దాయికి ప్రభుత్వమే లాయర్ని పెట్టాలని గిడియన్ కేసులో చెప్పింది. శిక్ష పడ్డాక చేసుకునే మొదటి అప్పీలుకూ లాయరుండాలని డగ్లస్ కేసులో చెప్పింది. బాగుంది. మరి అలా వచ్చిన లాయరు రికార్డంతా తిరగేసి, "ఇందులో వాదించడానికేమీ లేదు" అనుకుంటే? సరిగ్గా అక్కడే మీ రంగప్రవేశం. అప్పీలులో పస లేదు, నన్ను తప్పుకోనివ్వండి అని కోర్టుకు మొరపెట్టుకుంటూ, పస ఎందుకు లేదో పాయింటు పాయింటుగా విడమరిచి చెప్పే కాగితం మీరు. రాసేది ముద్దాయి లాయరే. అట్ట మీద ఉండేది ముద్దాయి పేరే. లోపల చదివితే మాత్రం, ఇది అవతలి పక్షం వాళ్ల ఫైల్లోంచి జారి పడిందేమో అనిపిస్తుంది.

మా దగ్గర ఇంత శ్రమ ఉండదండీ. క్లయింటు పత్తా లేకుండా పోతే మా ప్లీడరు "నో ఇన్‌స్ట్రక్షన్స్" అని చిన్న మెమో పడేసి, గౌను దులుపుకుని క్యాంటీన్ వైపు నడుస్తాడు. మీ దగ్గర అలా కుదరదు. వదిలేసేది కూడా పద్ధతిగా వదిలేయాలి. విషయసూచిక ఉండాలి, ఉదహరించిన తీర్పుల పట్టిక ఉండాలి, అక్షరాలు 14 పాయింట్ల సైజుకు తగ్గకూడదు, అప్పీలుదారుది కాబట్టి అట్ట నీలం రంగులో ఉండాలి. చావు కబురు చల్లగా చెప్పడమంటే విన్నాను గానీ, నీలం అట్ట వేసి చెప్పడం మీ దగ్గరే చూశాను.

మీ పుట్టుక కథ ఇంకా సొగసు. చార్లీ ఆండర్స్ అనే అతనికి కాలిఫోర్నియాలో గంజాయి దగ్గర పెట్టుకున్నాడని శిక్ష పడింది. అప్పీలుకు కోర్టు ఒక లాయర్ని ఇచ్చింది. ఆ లాయరు చిన్న ఉత్తరం రాశాడు: అప్పీలులో పస లేదు, నేను బ్రీఫ్ (కోర్టుకిచ్చే రాతపూర్వక వాదన) వేయను, ఆయన సొంతంగా ఏదో వేసుకుంటారట. అంతే. ఇంకో లాయర్ని ఇవ్వండని ఆండర్స్ అడిగితే కుదరదన్నారు. తన వాదన తనే రాసుకున్నాడు, ఓడిపోయాడు. ఆరేళ్లు గడిచాక మళ్లీ తలుపు తట్టాడు. చివరికి 1967 మే 8న సుప్రీంకోర్టు, అలా చీటీ రాసి పారేసి పోతే చెల్లదంది. వెళ్లదలుచుకుంటే రికార్డులో ముద్దాయికి కాస్తయినా పనికొచ్చేదేముందో చూపిస్తూ ఒక బ్రీఫ్ వేసి మరీ వెళ్లాలంది. ఆ బ్రీఫే తమరు. పేరు పెట్టడంలో మాత్రం చమత్కారం చూపించారు. వదిలేసి పోయిన లాయరు పేరు ఎవరికీ గుర్తులేదు. ఎవరినైతే వదిలేశారో ఆయన పేరే, ఆ తర్వాత వదిలేసి పోయే ప్రతి లాయరు కాగితానికీ పెట్టారు. ఈత రాక మునిగినవాడి పేరు ఈతకొలనుకు పెట్టినట్టు.

ఆ తీర్పు 6-3. స్టివార్ట్ అనే జడ్జి ఒప్పుకోలేదు. ఆయన అభ్యంతరం నాలాంటి మందమతికి కూడా అర్థమైంది: వాదించదగ్గది ఏదైనా ఉంటే అప్పీలు పసలేనిది కాదు కదా, పసలేనిదైతే వాదించదగ్గదాన్ని చూపించమనడమేంటి? లేని పిల్లికి తోక ఎంత పొడవో రాసిమ్మన్నట్టు. అన్నట్టు, నాలుగేళ్ల కిందట గిడియన్ తీర్పు రాసిన హ్యూగో బ్లాక్ కూడా ఇక్కడ స్టివార్ట్ వైపే చేరాడు. ఈ సంగతి మీ జాతకచక్రంలో ఒక గ్రహం ఎక్కడో అడ్డంగా కూర్చుందని సూచిస్తుంది.

ఇక మీ లోపలి సోయగం. ఫెడరల్ కోర్టుల్లో శిక్షపడేవాళ్లలో పదింట తొమ్మిదిమందికి పైగా నేరం ఒప్పుకున్నవాళ్లే. అందులో చాలామంది, శిక్ష కాస్త తగ్గుతుందన్న ఆశతో, అప్పీలు చేసుకునే హక్కును కూడా, నేరం ఒప్పుకుంటూ ప్రభుత్వంతో చేసుకునే ఒప్పందంలోనే రాసిచ్చేస్తారు. కాబట్టి మీ పాట సాధారణంగా ఒకే రాగంలో సాగుతుంది. ఒప్పుకోలు చెల్లుతుందా? చెల్లుతుంది. జడ్జి అన్నీ అడిగారు: ఇవాళ మందులేమైనా వేసుకున్నావా, ఎవరైనా బెదిరించారా, ఏ హక్కులు వదులుకుంటున్నావో తెలుసా? ముద్దాయి లేదన్న చోట లేదన్నాడు, తెలుసన్న చోట తెలుసన్నాడు, ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఫలానా పేజీ ఫలానా లైను చూడండి. శిక్ష సబబేనా? సబబే. శిక్ష ఎంతుండాలో లెక్కగట్టే గైడ్‌లైన్స్ లెక్క తప్పిందా? తప్పలేదు. తన క్లయింటు ఏ లైన్లో దొరికిపోయాడో వేలు పెట్టి చూపించే లాయరు మీ పుణ్యమా అని తయారయ్యాడు.

ఇదంతా చూసి అవతల ప్రభుత్వ లాయరు ఏం చేస్తాడు? చాలా కేసుల్లో ఏమీ చేయడు. మేం వేరే జవాబు వేయడం లేదని ఒక చిన్న ఉత్తరం పంపి ఊరుకుంటాడు. తన పని ఎదుటివాడే చేసిపెట్టాక, పైగా అంత శ్రద్ధగా, ఇంకా రాయడం అమర్యాద కదా.

ఆ తర్వాత మీరు జైలుకు బయల్దేరతారు. లాయర్ల దగ్గర్నుంచి వచ్చే కవరు మీద పద్ధతిగా రాసుంటే దాన్ని ఖైదీ ఎదుటే తెరవాలని ఫెడరల్ జైళ్లలో నియమం. నాకు ఆ క్షణమే కళ్లముందు కదులుతుంటుంది. గార్డు కవరు చించుతాడు. ఖైదీ ముఖం వెలుగుతుంది, నా లాయరు నా అప్పీలు పంపాడని. అట్ట మీద తన పేరు చూసుకుంటాడు. రెండో పేజీ, మూడో పేజీ... ఏ పేజీ దగ్గర ఆ వెలుగు ఆరుతుందో మీకైతే తెలిసే ఉంటుంది. వెనకాల కోర్టు నోటీసు: దీనికి మీరేమైనా చెప్పుకోదలిస్తే చెప్పుకోండి. సాధారణంగా 30 రోజులో, ఇంచుమించు అంతో గడువు. అంటే, పదేళ్లు ప్రాక్టీసు చేసిన లాయరుకు దొరకని పాయింటును, పన్నెండో తరగతి కూడా పూర్తికానివాడు జైలు లైబ్రరీలో తన వంతు కోసం కాచుకుని వెతికి పట్టుకోవాలి. ఇంత విశ్వాసం ఖైదీల తెలివితేటల మీద ప్రపంచంలో ఇంకెవరికీ లేదనుకుంటా.

అలాగని మీ లాయర్లు చెప్పేదంతా వేదవాక్కా? ఒహాయోలో పెన్సన్ అనే అతని లాయరు మీపాటి కష్టం కూడా పడలేదు. పస లేదని ఒక సర్టిఫికెట్ రాసిచ్చి వెళ్లిపోయాడు. తర్వాత అప్పీలు కోర్టు రికార్డు చూస్తే వాదించదగ్గ పాయింట్లు కొన్ని కనబడ్డాయి. ఒక అభియోగం మీద శిక్షను ఏకంగా కొట్టేసింది కూడా. అయినా పెన్సన్‌కు మరో లాయర్ని మాత్రం ఇవ్వలేదు! ఇది చెల్లదని చెప్పడానికి 1988లో సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సొచ్చింది.

ఉన్నమాట చెప్పాలి గదా, మీ వైపూ కొంత న్యాయం ఉంది. పసలేని వాదన చేయకూడదన్న నీతి డబ్బు తీసుకున్న లాయరుకూ ఉంది, కోర్టు ఇచ్చిన లాయరుకూ ఉంది. తేడా ఎక్కడంటే, డబ్బున్నవాడికి ఒకాయన కాదంటే వీధి చివర ఇంకొకాయన బోర్డు కనబడుతుంది. లేనివాడికి కనబడేది మీరొక్కరే. పైగా కోర్టు నియమించిన లాయరేమీ రాజభోగాలు అనుభవించడం లేదు. ఫెడరల్ కేసుల్లో 2025లో వాళ్ల రేటు గంటకు 175 డాలర్లు. ఆ ఏడాది జులై మొదట్లోనే నిధులు అయిపోయి, చేసిన పనికి బిల్లులు నెలల తరబడి ఆగిపోయాయి. అయినా రికార్డంతా చదివి, నిజంగానే ఏమీ దొరక్క, రాత్రి రెండింటికి మిమ్మల్ని టైపు చేసే లాయరును నేను తిట్టలేను. అతను లేని పాయింటును పుట్టిస్తే కోర్టు కోప్పడుతుంది, ఉన్నదాన్ని వదిలేస్తే రేపు ఇదే ఖైదీ, నా లాయరు పనికిమాలినవాడని ఇంకో పిటిషన్ వేస్తాడు. ఆ టెన్షన్‌కు మందుబిళ్ల మీరు.

కానీ మీరు లేకపోతే ఆకాశం కూలదు సార్. ఐడహోలో ఒకసారి నియమించిన లాయరు, అప్పీలులో పస లేదన్న సాకుతో తప్పుకోవడానికి వీల్లేదు. ఉన్నంతలో ఏదో ఒకటి వాదించాల్సిందే. ఆ రాష్ట్రంలో కోర్టులు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. కాలిఫోర్నియా సంగతైతే మీకు చెప్పక్కర్లేదు. అక్కడ లాయరు కేసు సంగతులు రాసిస్తాడు, పస ఉందనడు, లేదనడు, రికార్డు మీరే చూసుకోండి అంటాడు. అడిగితే వచ్చి చెప్పడానికి అందుబాటులో ఉంటాడు. ఇది సరిపోతుందని సుప్రీంకోర్టే 2000లో 5-4తో ఒప్పుకుంది. మీ పుట్టింటివాళ్లే మిమ్మల్ని గడప బయట కూర్చోబెట్టారన్నమాట. ఫెడరల్ కోర్టుల్లో మాత్రం ఇంటల్లుడిలా కాళ్లు చాపుకుని ఉన్నారు.

ఈ లేఖ ముగించే ముందు మీ సంప్రదాయాన్ని నేనూ పాటించాను. మీ తరఫున వాదించదగ్గదేమైనా ఉందా అని రికార్డంతా మనస్సాక్షిగా పరిశీలించాను. ఒక్క పాయింటు తగిలింది: చార్లీ ఆండర్స్‌కు దక్కిన ఆ చిన్న ఉత్తరం కన్నా మీరు పొడుగు. దాని మీద వాదన నిలబడదని నా అభిప్రాయం. కనుక మీ తరఫున ఇంకేమీ మాట్లాడకుండా తప్పుకోవడానికి అనుమతి కోరుతున్నాను.

దీని నకలు ఒకటి మీకు పోస్టులో పంపడమైనది. మీరేమైనా చెప్పుకోదలిస్తే 30 రోజుల్లోగా స్వదస్తూరితో రాసి పంపవచ్చు. లాయర్ని పెట్టుకునే వీలు లేదు. జవాబు తెలుగులోనే ఉండవలెను.

ఇట్లు,
మీ విధేయుడు కాని
ఒక పాఠకుడు