నల్గొండ నీళ్ల పేపర్‌కి తాళం ఎందుకు?

మా అన్నయ్య కొడుకు ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్. పగలంతా క్లాసులు, ల్యాబులు, అడ్మిషన్ల డ్యూటీలు, రాత్రి అన్నం తిన్నాక పీహెచ్‌డీ పని. పోయినేడు ఒక రోజు రాత్రి పదకొండు దాటాక వాట్సాప్‌లో లింకు పంపి, "బాబాయ్, మీ యూనివర్సిటీ లాగిన్‌లో ఈ పరిశోధన పేపర్ వస్తుందేమో చూడవా" అని అడిగాడు. తనకి కనిపిస్తున్న పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టాడు. పైన శీర్షిక, రచయితల పేర్లు, పది లైన్ల సారాంశం, ఆ కింద పీడీఎఫ్ కొనుక్కోమనే బటన్, పక్కన దాదాపు నలభై డాలర్ల ధర. నేను లాగినై నొక్కితే అర నిమిషంలో మొత్తం పేపర్ దిగింది.

ఆ పేపర్ నల్గొండ జిల్లా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ గురించి. రాసినవాళ్లంతా ప్రభుత్వ సంస్థల్లో జీతం తీసుకునేవాళ్లే. శాంపిల్స్ తెచ్చింది ఊళ్లలో బోర్ల నుంచి, ఆ నీళ్లు తాగి ఎముకలు వంకర్లు పోయిన మనుషులున్న ఊళ్ల నుంచి. ల్యాబ్ ఖర్చు మన పన్నుల డబ్బు. పేపర్‌ని పరిశీలించి తప్పొప్పులు చెప్పే రివ్యూయర్లకు మామూలుగా జర్నళ్లు, అంటే పరిశోధన పేపర్లు అచ్చువేసే పత్రికలు, పైసా ఇవ్వవు. ఇంతమంది కష్టపడ్డాక దానికి తాళం వేసుకునే హక్కు మాత్రం పబ్లిషర్‌కి వెళ్లిపోయింది. మర్రిగూడలో సొంతంగా క్లినిక్ పెట్టుకున్న డాక్టరు, తన దగ్గరికొచ్చే పేషెంట్ల ఊరి నీళ్ల గురించి తెలుసుకోవాలంటే నలభై డాలర్లు కట్టాలి. నాకిది ఎంత ఆలోచించినా మింగుడు పడదు.

మన ప్రభుత్వం ఏమీ చేయలేదని అనను. 2024 నవంబరు 25న కేంద్ర కేబినెట్, ప్రభుత్వమే అందరి తరఫునా జర్నళ్ల చందా కట్టే 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి ఆమోదం తెలిపింది. 2025, 2026, 2027 మూడేళ్లకు కలిపి రూ.6,000 కోట్లు. 30 అంతర్జాతీయ పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నళ్లు, 6,300కి పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలు, సుమారు 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు. అంతకుముందు ఒక్కో మంత్రిత్వ శాఖ తన సంస్థల కోసం విడివిడిగా బేరమాడుకునేది, రాష్ట్ర యూనివర్సిటీలు ఉన్నంతలో నాలుగు జర్నళ్లు తెప్పించుకుని సరిపెట్టుకునేవి. ఇప్పుడు చిన్న ఊళ్లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీ పిల్లలు కూడా ఐఐటీ హైదరాబాద్ వాళ్లు చదివే జర్నళ్లే చదవొచ్చు. లెక్కేస్తే మనిషికి ఏడాదికి పదకొండు వందల రూపాయలు. నా దగ్గర ఎంఎస్సీ చదివే పిల్లలు ఫోన్‌లో లాగినై పేపర్లు దింపుకుంటుంటే నిజంగా సంతోషంగా ఉంటుంది, నేను చదువుకునే రోజుల్లో రచయితకు ఉత్తరం రాసి నెలలు నెలలు ఎదురుచూసేవాళ్లం.

కానీ ఇది అద్దె ఇల్లు. డబ్బు కట్టినన్నాళ్లే తలుపు తెరుచుకుంటుంది, అదీ లిస్టులో ఉన్నవాళ్లకే. మా వాడి ప్రైవేటు కాలేజీ మొదటి దశలో లేదు. ప్రైవేటు సంస్థలను రెండో దశలో చేరుస్తామని, మూడో దశలో పబ్లిక్ లైబ్రరీల ద్వారా అందరికీ అందిస్తామని ప్రణాళికలో ఉంది. తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ చదివేవాళ్లలో ఎక్కువమంది ప్రైవేటు కాలేజీల్లోనే ఉన్నారు కాబట్టి ఆ రెండో దశ మనకు చాలా ముఖ్యం. అయినా, ఆ రెండు దశలూ రేపే వచ్చినా పేపర్‌కున్న తాళం అలాగే ఉంటుంది, తాళంచెవులు ఇంకొంతమందికి దొరుకుతాయి, అంతే.

తాళమే తీయించే ఒప్పందాలు వేరే ఉన్నాయి. వాటిని 'రీడ్ అండ్ పబ్లిష్' అంటారు. పాత పద్ధతిలో జర్నల్ చదవడానికి లైబ్రరీ చందా కడుతుంది, అదే జర్నల్‌లో తన పేపర్ అందరికీ తెరిచి ఉంచాలంటే రచయిత మళ్లీ ఏపీసీ అనే ఫీజు కడతాడు, అంటే పబ్లిషర్‌కి రెండు వైపులా డబ్బు. కొత్త ఒప్పందంలో ఈ రెండూ కలిపి సంస్థ ఒకే చోట కడుతుంది. ఆ సంస్థ పరిశోధకుడి పేపర్‌ని జర్నల్ ఒప్పుకోగానే పబ్లిషర్ సిస్టమ్ అతని సంస్థ పేరు చూసి గుర్తుపడుతుంది. రచయితకు బిల్లు రాదు, పేపర్ మొదటి రోజు నుంచే ప్రపంచమంతటికీ ఫ్రీ. మర్రిగూడ డాక్టరుకు కూడా.

ఇలాంటి ఒప్పందం ఎవరూ ఊరికే ఇవ్వలేదు. జర్మనీలో యూనివర్సిటీలు, పరిశోధన సంస్థలు కలిసి 'ప్రాజెక్ట్ డీల్' పేరుతో బేరానికి దిగాయి. ఎల్సెవియర్ అనే పెద్ద పబ్లిషర్ దిగిరాకపోతే దాదాపు 200 సంస్థలు చందా మానేశాయి, 2018లో వాళ్లకు కొత్త పేపర్లు ఆగిపోయాయి, అయినా వెనక్కి తగ్గలేదు. 2019 జనవరిలో వైలీ, ఏడాది తర్వాత స్ప్రింగర్ నేచర్ అనే మరో రెండు పబ్లిషింగ్ కంపెనీలు సంతకం పెట్టాయి. ఎల్సెవియర్ 2023లో ఒప్పుకుంది. అమెరికాలో పది క్యాంపస్‌ల యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా కూడా 2019 ఫిబ్రవరిలో అదే కంపెనీతో బేరం తెంపుకుంది. రెండేళ్లు ప్రొఫెసర్లు స్నేహితుల్ని అడుక్కుని, ప్రిప్రింట్లు, అంటే రచయితలు రివ్యూకి ముందే ఆన్‌లైన్‌లో పెట్టిన ప్రతులు, వెతుక్కుని పని నడిపించారు. 2021 మార్చిలో వాళ్లు కోరుకున్న ఒప్పందం వచ్చింది. అమెరికా పరిశోధనలో దాదాపు పదో వంతు ఆ ఒక్క యూనివర్సిటీ నుంచే వస్తుంది, పబ్లిషర్‌కి ఆ పేపర్లు కావాలి. ఆ బలం మన దగ్గర లేదా? ఏటా రెండు లక్షలకు పైగా పేపర్లు రాస్తున్న దేశం మనది, పైగా ఒక్క చేత్తో రూ.6,000 కోట్లు కడుతున్న దేశం. ఇంత పెద్ద కొనుగోలుదారు బేరానికి కూర్చున్నప్పుడు చదివే హక్కు దగ్గరే ఆగిపోవాల్సిన పని లేదు.

అయితే జర్మనీ ఒప్పందాన్ని యథాతథంగా తెచ్చుకుంటే మనం దెబ్బతింటాం. అక్కడ వైలీకి పేపర్‌కి 2,750 యూరోల చొప్పున కట్టారు, మన డబ్బుల్లో రెండున్నర లక్షల పైమాటే. మన పథకంలో ఏపీసీల కోసం ఏడాదికి రూ.150 కోట్లు కేటాయించారు. ఆ ధర పెడితే ఆరు వేల పేపర్లు కూడా తెరవలేం. ఇక నేచర్ పత్రిక 2021లో ఓపెన్ యాక్సెస్, అంటే పేపర్‌ని అందరికీ ఫ్రీగా తెరిచి ఉంచడం, మొదలుపెట్టినప్పుడు ఒక పేపర్‌కి పెట్టిన ధర 9,500 యూరోలు. నెలకు రూ.37,000 జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన విద్యార్థికిచ్చే ఫెలోషిప్, తీసుకునే పిల్లవాడు రెండేళ్లు పైసా ఖర్చు పెట్టకుండా దాచినా చాలదు. ఒప్పందంలో ఉన్న సంస్థలవాళ్లు దర్జాగా ప్రచురించుకుంటారు, లేనివాళ్లు బయట నిలబడతారు. అప్పటిదాకా చదవడానికి డబ్బులేని మనిషి ఇప్పుడు రాయడానికి డబ్బులేని మనిషి అవుతాడు. ఇలాంటి ఒప్పందాలకు ఊతమిచ్చిన యూరప్ నిధుల సంస్థల కూటమి కొయలిషన్ ఎస్ కూడా 2024 చివరితో వాటికి మద్దతు ఆపేసింది.

కాబట్టి నేనడిగేది మధ్యదారి. ఇప్పటి ఒప్పందాల గడువు 2027 డిసెంబరుతో అయిపోతుంది, అంటే బేరానికి కాగితాలు ఇప్పుడే తయారు కావాలి. పేపర్‌కి ఇంత అని లెక్కగట్టకుండా, ఇప్పుడు కడుతున్న చందాలోనే, మన దేశంలో రాసిన ప్రతి పేపర్ ఆమోదిత ప్రతిని ఎంబార్గో, అంటే ఇన్ని నెలలు ఆగాలనే గడువు, లేకుండా బయట పెట్టుకునే హక్కు రాయించుకోవాలి. ఆమోదిత ప్రతి అంటే రివ్యూ పూర్తయి, పబ్లిషర్ ముద్రణకు పేజీలు కూర్చకముందు రచయిత చేతిలో ఉండే ఫైలు. సైన్సంతా అందులోనే ఉంటుంది. మన కేంద్ర బయోటెక్నాలజీ, సైన్స్ టెక్నాలజీ విభాగాలు డీబీటీ, డీఎస్‌టీ 2014లోనే, తమ నిధులతో రాసిన పేపర్ల ప్రతిని రిపాజిటరీలో, అంటే ఎవరైనా ఫ్రీగా చదవగలిగే ఆన్‌లైన్ భండారంలో, పెట్టాలని విధానం తెచ్చాయి, కానీ అది ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నెదర్లాండ్స్‌లో 2015 నుంచి, ప్రజాధనంతో చేసిన పరిశోధనని కొంతకాలం తర్వాత బయట పెట్టే హక్కు చట్టమే రచయితకు ఇస్తోంది. అమెరికాలో వైద్య పరిశోధనకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ నిధులతో చేసిన పరిశోధనకు 2025 జులై 1 నుంచి ఆ ఎదురుచూపు కూడా తీసేశారు. అక్కడ పబ్లిషర్లు ఒప్పుకుంటున్నది ఇక్కడ ఎందుకు ఒప్పుకోరు?

మొన్న మా వాడి మొదటి పేపర్ యాక్సెప్ట్ అయింది. ఇంట్లో స్వీట్లు పంచారు. మర్నాడు పబ్లిషర్ నుంచి ఫారం వచ్చింది, అందులో రెండే గళ్లు, ఓపెన్ యాక్సెస్ ఫీజు కట్టడం లేదా కాపీరైట్ రాసిచ్చేయడం. వాడి నాలుగు నెలల జీతం కంటే ఫీజే ఎక్కువ. రెండో గడిలో టిక్ పెట్టేశాడు. పేపర్ అచ్చయ్యాక వాడి కాలేజీ లైబ్రరీలో తన పేపరే తనకు తెరుచుకోలేదు. పోయిన ఆదివారం ఇద్దరం కూర్చుని ఆ కాపీరైట్ ఫారం మళ్లీ మొత్తం చదివాం. ఆమోదిత ప్రతిని రిపాజిటరీలో పెట్టుకోవచ్చని ఐదో పేజీలో ఒక లైను దొరికింది, పన్నెండు నెలల తర్వాత అని. వాడు ఆ తేదీ ఫోన్‌లో అలారం పెట్టుకున్నాడు.