జెండా గుర్తుంది, జీతం గొడవ మరిచారు

అమెరికాలోని న్యూ బెడ్‌ఫర్డ్ పట్టణంలో ఓక్ గ్రోవ్ శ్మశానవాటిక ఉంది. సార్జెంట్ విలియం కార్నీ సమాధి అక్కడే. రాతి మీద అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ గుర్తు కనిపిస్తుంది. ఆయన 1840లో వర్జీనియాలో బానిసగా పుట్టారు. బానిసత్వం మీద ఉత్తర, దక్షిణ రాష్ట్రాలు తలపడిన అంతర్యుద్ధంలో, ఉత్తరాది తరఫున నల్లజాతి సైనికులతో ఏర్పడిన 54వ మసాచుసెట్స్ రెజిమెంట్‌లో చేరారు. 1863 జులై 18 సాయంత్రం సౌత్ కరోలినాలోని ఫోర్ట్ వాగ్నర్ మీద ఆ రెజిమెంట్ దాడికి దిగింది. జెండా మోస్తున్నవాడు కూలిపోబోతుంటే కార్నీ దాన్ని అందుకుని కోట గోడ దాకా వెళ్లారు. ఒంట్లో తూటాలు దిగినా వదల్లేదు. వెనక్కి చేరాక, తన డ్యూటీ తాను చేశానని, జెండా మాత్రం నేలకు తగల్లేదని తోటివాళ్లతో అన్నారట. దాడికి వెళ్లిన దాదాపు 600 మందిలో 270 మందికి పైగా చనిపోయారు, గాయపడ్డారు లేదా పట్టుబడ్డారు.

ఆ సాహసానికి పతకం వచ్చింది 1900లో, అంటే 37 ఏళ్లకు. ఈ పతకం అందుకున్న తొలి నల్లజాతి సైనికుడు కార్నీయే అని చాలాచోట్ల రాస్తుంటారు. అది సరికాదు. గుర్తింపు పొందిన నల్లజాతివారి సాహసాల్లో ఆయనదే ముందు జరిగింది, కానీ పతకం చేతికి అందినవాళ్లు ఆయనకంటే ముందు చాలామందే ఉన్నారు. ఈలోగా ఆయన న్యూ బెడ్‌ఫర్డ్‌లో ఇంటింటికీ ఉత్తరాలు పంచుతూ మూడు దశాబ్దాలు గడిపారు. తర్వాత బోస్టన్‌లో రాష్ట్ర ప్రభుత్వ భవనంలో మెసెంజర్‌గా పనిచేస్తూ, లిఫ్ట్ ప్రమాదంలో కాలు నలిగి 1908 డిసెంబర్‌లో కన్నుమూశారు.

జెండా కథ నిజమే, గొప్పదే. నా అభ్యంతరం అది కాదు. ఆ కథ ఎవరినీ ఇబ్బంది పెట్టదు కాబట్టే అంత తేలిగ్గా రాళ్లకెక్కింది. ఆ సైనికులు అదే ఏడాది చేసిన రెండో పోరాటం మాత్రం రాళ్లకెక్కలేదు. తెల్ల సైనికుడికి నెలకు 13 డాలర్లు, బట్టల ఖర్చు అదనం. నల్ల సైనికుడికి 10 డాలర్లు, అందులోంచి బట్టలకు 3 కోత. చేతికొచ్చేది 7. సార్జెంట్ అయినా అంతే. 54వ రెజిమెంట్ వాళ్లు ఆ డబ్బు ముట్టుకోం అన్నారు. తేడా మేమిస్తాం అని మసాచుసెట్స్ ప్రభుత్వం ముందుకొస్తే, అదీ వద్దన్నారు. వాళ్లకు కావాల్సింది పైకం ఒక్కటే కాదు, తామూ అందరిలాంటి సైనికులమే అన్న ఒప్పుకోలు. ఇంటి దగ్గర పెళ్లాం పిల్లలు పస్తులుంటున్నారని ఉత్తరాలొస్తున్నా ఏడాదికి పైగా జీతం లేకుండానే యుద్ధం చేశారు.

ఇక్కడ ఇంకో విలియం గురించి చెప్పాలి. ఉత్తరాది సైన్యంలోనే మరో నల్లజాతి రెజిమెంట్ అయిన థర్డ్ సౌత్ కరోలినాలో సార్జెంట్ విలియం వాకర్. 1863 నవంబర్‌లో ఆయన తన కంపెనీని కమాండర్ గుడారం ముందుకు నడిపించి, తుపాకులు కింద పెట్టించారు. చెప్పిన జీతం ఇవ్వనప్పుడు మాకు డ్యూటీ ఏమిటన్నది వాళ్ల వాదన. సైన్యం దాన్ని తిరుగుబాటు అంది. 1864 ఫిబ్రవరి 29న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో ఆయన్ను కాల్చి చంపారు. సైనికుడిగా జీతమివ్వడానికి చట్టం దొరకని ప్రభుత్వానికి, సైనికుడిగా కాల్చి చంపడానికి మాత్రం చట్టం దొరికిందని మసాచుసెట్స్ గవర్నర్ జాన్ ఆండ్రూ మండిపడ్డారు. అంతకంటే సూటిగా నేను చెప్పలేను.

సమాధి దగ్గరికి దణ్ణం పెట్టుకోవడానికి వెళ్తాం, చరిత్ర పాఠానికి కాదు కదా అనొచ్చు. ఒప్పుకుంటాను. కానీ రాతి మీద ఏం చెక్కాలో ఎంచుకున్నప్పుడే ఏ పాఠం చెప్పాలో కూడా ఎంచుకున్నట్టే. బోస్టన్‌లో 54వ రెజిమెంట్ స్మారకాన్ని 1897లో ఆవిష్కరించారు. చనిపోయిన తెల్ల అధికారుల పేర్లు దాని మీద అప్పుడే ఉన్నాయి. చనిపోయిన నల్ల సైనికుల పేర్లు చెక్కింది 1980ల్లో. ఆ పేర్లు అంతకుముందూ కాగితాల మీద ఉన్నవే, కొత్తగా ఎవరూ కనిపెట్టలేదు. బోస్టన్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. ఊరు చూడ్డానికొచ్చిన చుట్టాలను ఆ స్మారకం ముందు నిలబెట్టి ఫొటో తీసేటప్పుడు, వెనక వైపుకి కూడా ఓసారి తీసుకెళ్లండి. ఆ పేర్లున్నది అక్కడే.

1864 జూన్‌లో కాంగ్రెస్, అంటే అమెరికా చట్టసభ, సమాన జీతానికి ఒప్పుకుంది, అదీ ఓ మెలికతో. 1861 ఏప్రిల్ 19 నాటికే స్వేచ్ఛగా ఉన్నవాళ్లకైతే చేరిన రోజు నుంచి బకాయి, మిగతావాళ్లకు 1864 జనవరి నుంచే. 54వ రెజిమెంట్ కల్నల్ హాలోవెల్ దీనికో ఉపాయం పన్నారు. ఆ తేదీ నాటికి తమ చేత కూలి ఇవ్వకుండా పని చేయించుకునే హక్కు ఎవరికీ లేదని సైనికులతో ప్రమాణం చేయించారు. బానిసగా బతికినవాడు కూడా నిజాయితీగా చెప్పగల మాట అది. గాయాల వల్ల కార్నీ అప్పటికే సైన్యం నుంచి బయటికొచ్చేశారు. అయినా ఆయన సమాధి పక్కన ఓ బోర్డు పెడితే, జెండా మాటతో పాటు ఈ ప్రమాణం కూడా రాయాలంటాను. కిందనే వాకర్ పేరూ ఉండాలి. చేరేటప్పుడే సమాన జీతం ఇస్తామని మాటిచ్చి చేర్చుకున్నవాళ్లకు పూర్తి బకాయిలు చెల్లించాలని కాంగ్రెస్ చట్టం చేసింది 1865 మార్చిలో. వాకర్‌ను కాల్చి చంపి అప్పటికి ఏడాది దాటింది.