చంద్రుడి మీద నేను, నా బట్టతల

నా బట్టతల గురించి నాకెప్పుడూ బెంగ లేదు. ఉన్నది దాచుకోను, లేనిది దువ్వుకోను. అలాంటిది, ఓ ఆదివారం మధ్యాహ్నం ల్యాప్‌టాప్ తెర మీద నా నడినెత్తిన ఒక గొయ్యి, ఆ గొయ్యిలోంచి చంద్రుడి మీది గొయ్యి కనిపించేసరికి గుండె జారిపోయింది.

పిల్లల కోసం చందమామ గురించి నాలుగు వీడియోలు చేద్దామన్నది నా సరదా. పుస్తకాల బీరువా ముందు కూర్చుని చెప్తే ఎవరు చూస్తారు? చంద్రుడి మీదే నిలబడి చెప్తే ఆ దర్జాయే వేరు. మా అబ్బాయి విని, "ఏముంది నాన్నా, వెనక ఆకుపచ్చ గుడ్డ కడితే చాలు. సాఫ్ట్‌వేర్ ఆ రంగు ఎక్కడుంటే అక్కడ బొమ్మకి కన్నం పెడుతుంది. ఆ కన్నంలోంచి మనం పెట్టిన ఫొటో కనిపిస్తుంది" అన్నాడు. కన్నం అన్న మాట నేను అప్పుడే పట్టించుకోవాల్సింది.

ఆకుపచ్చే ఎందుకురా అంటే, మనిషి చర్మంలో ఎరుపు పాలే ఎక్కువ కాబట్టి పచ్చ తేలిగ్గా విడిపోతుందట. పైగా ఈ కాలం కెమెరా సెన్సార్లలో సగం గళ్ళు పచ్చనే పట్టుకుంటాయి, మిగతా సగాన్ని ఎరుపూ నీలమూ పంచుకుంటాయి. ఫిల్ము రీళ్ళ రోజుల్లో మాత్రం నీలం తెరదే రాజ్యం.

కొలత తెలీక గుడ్డ రెండింతలు తెచ్చాను. సగం గోడకెక్కింది. మిగిలిన సగాన్ని మా ఆవిడ చేత్తో తడిమి చూసి, "మెత్తగా బాగుందండీ, పారేస్తారా ఏంటి?" అంటూ లోపలికి పట్టుకెళ్ళింది. నేను నా చంద్రుడి హడావుడిలో ఉన్నాను.

మొదటి ప్రయత్నంలో చంద్రుడికి చారలొచ్చాయి. గుడ్డ మడతల నీడలవి. మన కంటికి అంతా ఒకటే పచ్చ, కెమెరాకి ముదురుదొకటి, లేతదొకటి. ఇస్త్రీ చేశాను. చారలు పోయాయి గానీ ఈసారి నా నీడ గుడ్డ మీద పడి, నల్ల దయ్యంలా నాతో పాటే చేతులూపడం మొదలెట్టింది. దయ్యాన్ని పోగొట్టడానికి మావాడు ఒక స్లైడర్‌ని కుడివైపుకి లాగాడు. ఏ మేరకు పచ్చగా ఉంటే చెరిపేయాలో సాఫ్ట్‌వేర్‌కి చెప్పేది అదే. దయ్యం పోయింది. దాంతోపాటు నా నడినెత్తి కూడా.

గుడ్డని ఆనుకున్నట్టుగా నిలబడ్డానేమో, దాని మీద పడ్డ లైటు పచ్చగా తుళ్ళి నా గుండు మీద వాలుతోంది. దీన్ని స్పిల్ అంటారట. జుట్టున్నవాళ్ళకి అంచుల్లో వెంట్రుకలు తెగిపోతాయని ఎక్కడో చదివి, నాకా బాధ లేదులే అని మురిసిపోయాను. నున్నటి తలకి ఇంకో బాధ ఉందని అక్కడ రాయలేదు. పౌడర్ అద్దాను. మెరుపు తగ్గి గొయ్యి కాస్త చిన్నదైంది గానీ పూడలేదు.

"నీలం చూద్దాం" అన్నాను, పాతకాలపు మనిషిని కదా. నీలం దుప్పటి కట్టాం. తల దక్కింది. నడుం కింద నుంచి నేను లేను. జీన్స్ ప్యాంటు వేసుకున్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు. చంద్రుడి మీద మొండెం ఒక్కటే తేలుతోంది. గురుత్వాకర్షణ పాఠానికి బాగానే పనికొచ్చేది! కానీ నీలానికి వెలుగు ఇంకా ఎక్కువ కావాలన్నాడు మావాడు, ఇంట్లో ఉన్న లైట్లన్నీ అప్పటికే ఆ గదిలో ఉన్నాయి.

మళ్ళీ పచ్చకే వచ్చాం. ఈసారి మావాడు గట్టిగా చెప్పాడు: "గుడ్డకీ నీకూ మధ్య ఆరడుగులైనా ఉండాలి నాన్నా. దానికి లైట్లు వేరే, నీకు వేరే." నేను కదిలినప్పుడల్లా పచ్చ రంగు మారిపోకుండా కెమెరా సెట్టింగులన్నీ లాక్ చేశాడు. స్లైడర్‌ని మళ్ళీ ఎడమకి జరిపాడు. నా తల నాకొచ్చింది. ఉన్న వెంట్రుకలు ఉన్నట్టే ఉన్నాయి, లెక్కపెట్టుకున్నాను.

ఆ గదిలో ఆరడుగుల ఖాళీ అంటే మాటలా? మంచాన్ని నిలబెట్టి, బల్లని మూలకి నెట్టి సంపాదించాం. ఆ ఖాళీ, వంటింట్లోంచి బాల్కనీకి వెళ్ళే దారి అన్న సంగతి మా ఇద్దరి బుర్రలకీ తట్టలేదు.

రికార్డింగ్ మొదలైంది. "చంద్రుడి మీద గాలి లేదు. ఏర్లు పారవు. ప్రాణి అన్నదే లేదు" అని గంభీరంగా చెప్తున్నాను. మావాడు ల్యాప్‌టాప్ చూస్తూ నోరు నొక్కుకున్నాడు. మెల్లగా తెర నావైపు తిప్పాడు.

నా వెనకాల, చంద్రుడి మీద, ఒక తల ఎడమ నుంచి కుడికి నింపాదిగా సాగుతోంది. దాని కింద ఒళ్ళు లేదు. కాస్త దిగువన రెండు చేతులు, ఆ చేతుల్లో తడిబట్టల బకెట్. మిగిలిన సగం గుడ్డ నైటీ అయిందని నాకప్పుడే తెలిసింది.

తల ఆగింది. నావైపు తిరిగింది.

"ఏమండీ, ఊరికే నిలబడేగా ఉన్నారు, ఆ క్లిప్పుల డబ్బా కాస్త అందుకోండి."