బెంజి సర్కిల్‌ను ‘బెంజి సరిల్’ చేసినవాళ్ళకు

ఇంకా కోపం చల్లారలేదు. ఆ వేడిలోనే, ఒక బస్సు టికెట్ల వెబ్‌సైటు కట్టినవాళ్ళకు రాస్తున్నా.

రాత్రి విజయవాడ బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కింద, ఒక ప్రైవేటు ట్రావెల్స్ బస్సు తలుపు ముందు, అరవై దాటిన ఒక పెద్దావిడ ఫోన్ పట్టుకుని నిలబడ్డారు. “టికెట్ చూపించండమ్మా” అంటాడు క్లీనర్ కుర్రాడు. “ఇందాక ఇంట్లో కనపడింది బాబూ, ఇప్పుడు తిరుగుతానే ఉంది” అంటారావిడ. తెల్లటి తెర, మధ్యలో గుండ్రంగా తిరిగే చక్రం. డబ్బు కట్టారు, సీటుంది, ఆ కుర్రాడి చేతిలోని కాగితంలో పేరు కూడా ఉంది. అయినా తెర తెరుచుకునేదాకా ఆవిడ మెట్టెక్కలేదు. పది నిమిషాలు! వెనక నిలబడ్డవాళ్ళకు “నాకీ ఫోన్లు తెలియవు నాయనా” అని సంజాయిషీ చెప్పుకుంటున్నారు. ఆవిడకు తెలియకపోవడమేంటండీ? ఆ ట్రావెల్స్ టికెట్ పేజీ కట్టినవాళ్ళకు పని తెలియదు. తప్పు నూటికి నూరుపాళ్ళు వాళ్ళది.

కారణం కళ్ళెదుటే ఉంది. పేజీ తెరవగానే పైన మూడు పెద్ద ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి జరుగుతుంటాయి. దీపాల వెలుగులో ప్రకాశం బ్యారేజీ, ఇంద్రకీలాద్రి, కొత్త బస్సు. కెమెరాలోంచి తీసినవి తీసినట్టే ఎక్కించేశారు. ఒక్కోటీ 4 మెగాబైట్లు, 4000 పిక్సెళ్ళ వెడల్పు. చూసే ఫోన్ తెర వెడల్పేమో 720 పిక్సెళ్ళు, మహా అయితే 1080. రాత్రి బస్సుల వేళ బెంజి సర్కిల్లో ఉన్న జనమంతా అవే టవర్ల మీద పడతారు. సిగ్నల్ గీతలు నిండుగానే కనపడతాయి గానీ ఒక్కొక్కరికీ అందేది బొటాబొటీ. సెకనుకు అర మెగాబిట్ అందిందనుకోండి, ఒక్క ఫొటో దిగడానికి 64 సెకన్లు. మూడింటికీ కలిపి మూడు నిమిషాల పైన. అదే ఫొటోను 1080 వెడల్పుకు కుదించి, వెబ్‌పీ ఫార్మాట్‌లో 100 కిలోబైట్లకు తెస్తే రెండు సెకన్లలోపే వచ్చేస్తుంది. అసలు టికెట్ చూపించే పేజీలో ఫొటోలతో పనేంటి?

బరువు డౌన్‌లోడ్‌తో అయిపోదు. ఇది చాలామంది డిజైనర్లకే తట్టదు. ఫైలు 4 మెగాబైట్లే అయినా, తెర మీద గీయాలంటే ఫోన్ దాన్ని విప్పుకోవాలి. పూర్తి సైజులో విప్పితే 4000 బై 2250 చుక్కలు, చుక్కకు 4 బైట్లు, అంటే 36 మెగాబైట్లు. మూడు ఫొటోలకు 108. రెండు జీబీ ర్యామ్ ఉన్న ఫోన్‌లో ఈ పేజీ ఒక ఏనుగు. పేరూ నంబరూ కొట్టాక ఓటీపీ వస్తుంది. ఆవిడ బ్రౌజర్ వదిలి మెసేజీల్లోకి వెళతారు. ర్యామ్ చాలక ఫోన్ వెనకాల ఉన్న ఏనుగును తీసి అవతల పారేస్తుంది. అంకెలు నోట్లో చదువుకుంటూ తిరిగొచ్చేసరికి పేజీ మొదటి నుంచీ తెరుచుకుంటోంది. పేరు లేదు, నంబరు లేదు, ఓటీపీ గడీ లేదు. మళ్ళీ నంబరు కొడితే మళ్ళీ కొత్త ఓటీపీ, మళ్ళీ మెసేజీల్లోకి. “ఓటీపీ రావట్లేదు” అని కాల్ సెంటర్‌కు వచ్చే ఫోన్లలో ఓటీపీ వచ్చి పేజీ చచ్చిపోయినవి ఎన్నుంటాయో ఒక్కసారైనా చూశారా?

మనిషిని ఆ పేజీ వదిలి వెళ్ళనివ్వకుండా చేయడానికి దారి ఎప్పటినుంచో ఉంది. పేజీ కోడ్‌లో ఓటీపీ గడికి ఆటోకంప్లీట్ దగ్గర ‘వన్ టైమ్ కోడ్’ అని ఒక్క మాట రాస్తే ఐఫోన్‌లో కీబోర్డు పైనే అంకెలు కనపడతాయి, వేలితో తాకితే చాలు. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో వెబ్ ఓటీపీ ఉంది. మెసేజీ చివరి వరుసలో ‘ఎట్’ గుర్తు పెట్టి సైటు పేరు, ఆ వెంటే ‘హాష్’ గుర్తు పెట్టి కోడ్ పంపితే పేజీ అడిగి తీసుకుంటుంది. దాని కోసం డీఎల్‌టీలో (కంపెనీలు పంపే మెసేజీల నమూనాలు నమోదు చేసే చోటు) మెసేజీ టెంప్లేట్ మార్పించి మళ్ళీ ఆమోదం తెచ్చుకోవాలి. ఆ కాగితాల పనికి బద్ధకించి జనాన్ని తిప్పుతున్నారు. పైగా అందం కోసమని ఆరంకెలకు ఆరు విడివిడి గడులు పెడతారు. కాపీ చేసి అతికిస్తే మొదటి అంకె మొదటి గడిలో పడి మిగతా ఐదూ గాల్లో కలిసిపోతాయి. ఒకే గడి పెట్టండి. అంకెల కీబోర్డు వచ్చేలా ఇన్‌పుట్‌మోడ్ ‘న్యూమరిక్’ అనండి. అక్షరం 16 పిక్సెళ్ళకు తగ్గనివ్వకండి, తగ్గితే గడిని తాకగానే ఐఫోన్ పేజీని పెద్దది చేసేస్తుంది, పక్కనున్న బటన్ తెర దాటిపోతుంది. కొట్టిన పేరూ నంబరూ బ్రౌజర్‌లోనే ఉండే సెషన్ స్టోరేజ్‌లో దాచండి, పేజీ మళ్ళీ తెరుచుకున్నా అక్కడే ఉంటాయి. ఇవన్నీ కలిపి ఒక పూట పని.

ఇక టికెట్. దాన్ని పీడీఎఫ్‌గా ఇస్తారు, ఏ4 కాగితం సైజులో. ఆరంగుళాల తెర మీద సీటు నంబరు చీమ తలకాయంత. రెండు వేళ్ళతో లాగి పెద్దది చేసుకుంటూ, అటూ ఇటూ జరుపుకుంటూ వెతకాలి. టికెట్ పేజీలో చూపించే నల్లటి గడుల క్యూఆర్ బొమ్మేమో వెనక రంగు లేకుండా, పారదర్శకంగా ఉన్న పీఎన్‌జీ ఫైలు. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద బానే కనపడుతుంది. రాత్రి ఫోన్ డార్క్ మోడ్‌లోకి మారిందా, పేజీ వెనకభాగం నల్లబడి నలుపు మీద నలుపు! స్కానర్‌కు ఏం కనపడుతుంది? బొమ్మ వెనక తెలుపు వేయాలి, చుట్టూ కనీసం నాలుగు గడుల ఖాళీ వదలాలి. క్యూఆర్‌కు ఆ ఖాళీ అలంకారం అనుకుని కోసేస్తారు, అది లేకపోతే అంచెక్కడో స్కానర్‌కు దొరకదు.

టికెట్‌కు కావలసింది పేరు, సీటు, బండి నంబరు, టైము, ఎక్కే చోటు, క్యూఆర్. 20 కిలోబైట్లలో అయిపోయే పేజీ. సర్వీస్ వర్కర్ అనే చిన్న ప్రోగ్రామ్ రాసి ఆ పేజీని ఫోన్‌లోనే ఉంచితే ఆ తర్వాత నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది. ఇక్కణ్ణుంచి శ్రీశైలం వెళ్ళేవాళ్ళను అడగండి. దోర్నాల దాటి నల్లమల ఘాట్ ఎక్కితే గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. కొండ మీద బస చేయాల్సిన గది రసీదు, తిరుగు టికెట్ అన్నీ క్లౌడ్‌లో ఉంటే ఎవరికి చూపించాలి? ప్రయాణాల్లో లాప్‌టాప్ పెట్టుకుని పని చేసుకునే కుర్రాళ్ళు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటారు, 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు సంచిలో ఉంటుంది, వాళ్ళకు నడిచిపోతుంది.    స్క్రీన్‌షాట్ అంటే ఏంటో తెలియని మనిషి సంగతేంటి?

బెజవాడ ఎండ సంగతి కూడా చెప్పి తీరాలి. మే నెలలో మధ్యాహ్నం పండిట్ నెహ్రూ బస్టాండు బయట ఫోన్ తీస్తే, వేడికి ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి తెర వెలుగు తగ్గించేస్తుంది, ప్రాసెసర్‌ను నెమ్మది చేస్తుంది. ఆ సమయంలో తెలుపు మీద లేత బూడిదరంగు అక్షరాలు! 999999 అనే కోడ్ ఉన్న ఆ రంగుకు తెలుపుతో తేడా 2.85 కి 1. ఉండాల్సిన కనీసం 4.5 కి 1. 767676 దాకా ముదురు చేస్తే ఆ హద్దు దాటుతుంది, ఎండకు అది కూడా చాలదు, నలుపే వాడండి. “నలుపు మోటుగా ఉంటుంది, క్లాస్‌గా ఉండదు” అంటారు. ఏసీ గదిలో 27 అంగుళాల మానిటర్ ముందు కూర్చుంటే అలాగే ఉంటుంది.

ఇదంతా ఒక ఎత్తు. అసలు నా కడుపుమంట వేరే ఉంది, ఇన్నేళ్ళుగా ఉంది. ఆ పేజీలో పైన మూలన ‘తెలుగు’ అని ఒక బటన్ ఉంది. నొక్కితే ఎక్కే చోటు దగ్గర ‘బెంజి సరిల్’ అని కనపడింది. రాసింది సర్కిల్ అనే. క వత్తు కిందకి దిగాలి కదా, బటన్ ఎత్తు 40 పిక్సెళ్ళని బిగించి, లైన్ హైట్ (వరుస ఎత్తు) 1.2 పెట్టి, పొంగింది దాచేయమని ఓవర్‌ఫ్లో ‘హిడెన్’ అన్నారు. క వత్తు కత్తిరించుకుపోయింది, సరిల్ మిగిలింది. ఆడవాళ్ళ సీట్ల మీద ‘స్త్రీలు’ అని ఉండాలి. త వత్తు పోయింది, ర వత్తు పోయింది, ‘సీలు’ అయింది. ఇంగ్లిష్ అక్షరం ఒక వరుసలో కూర్చుంటుంది. మనది పైకి గుడి కట్టుకుంటుంది, కిందికి వత్తులు దించుకుంటుంది. దానికి లైన్ హైట్ 1.6 నుంచి 1.8 కావాలి, ఎత్తు బిగించకుండా మిన్ హైట్ (కనీస ఎత్తు) ఇచ్చి పైనా కిందా ప్యాడింగ్ వదలాలి. 14 పిక్సెళ్ళలో ఇంగ్లిష్ చదవొచ్చు, అదే సైజులో మన ‘ఘ’, ‘ఝ’ల సున్నాలు పూడిపోయి మసకముద్దవుతాయి. 18 పెట్టండి.

సర్కిల్. కంటికి మూడు అక్షరాలు. కంప్యూటర్‌కు ఏడు: స, ర, పొల్లు, క, గుడి, ల, పొల్లు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటీ మూడు బైట్లు, మొత్తం 21. స్త్రీ అయితే కంటికి ఒక్కటే, లోపల ఆరు. ఇది తెలియకుండా పేరు గడికి ఇన్ని అక్షరాలే అని హద్దు పెడతారు, పొడుగు పేర్లను నడిమికి కోసేస్తారు, అక్షరాలు ఒక్కొక్కటే ఎగిరొచ్చే యానిమేషన్ కోసం ప్రతి గుర్తునూ విడగొడతారు. విడగొట్టాక వత్తు ఎవరికి అతుక్కోవాలి? ఫాంట్ ఫైలు బరువు తగ్గించాలని మంచి మనసుతోనే కోత వేస్తారు, ఆ కోతలో వత్తులు కలిపే పట్టిక జీసబ్ ఎగిరిపోతుంది, అక్షరాలు విడివిడిగా పొల్లులతో నిలబడతాయి. తర్వాత ఆ డిజైనరే “తెలుగు వెబ్‌లో బాగోదు సార్” అని యజమానికి చెబుతాడు, ఆయన నమ్ముతాడు.

2018 ఫిబ్రవరి గుర్తుందా? ‘జ్ఞా’ అక్షరం లోపల కంటికి కనపడని ఒక గుర్తు చేరితే ఐఫోన్లలో మెసేజీ యాప్‌లు కుప్పకూలేవి. యాపిల్ ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసుకుంది. తప్పు వాళ్ళ అక్షరాలు గీసే సాఫ్ట్‌వేర్‌ది. ప్రపంచమంతా మాత్రం తెలుగు అక్షరం ఫోన్లు పాడుచేస్తోందని చెప్పుకుంది, మనవాళ్ళు కూడా దాన్నే ఫార్వర్డ్ చేసుకున్నారు. ఆ రోజు కలిగిన బాధ ఇంకా పోలేదు.

ఇంకో సాకు: మంచి ఫాంట్లు లేవని. నోటో సాన్స్ తెలుగు ఉంది, మండలి ఉంది, శీర్షికలకు రామభద్ర ఉంది, అన్నీ ఉచితమే. గవర్నర్‌పేటలోనో బ్రాడీపేటలోనో డీటీపీలో చేయించిన పాత ఫాంట్ మేటర్ తెచ్చి అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయని, యూనికోడ్‌లోకి మార్చకుండా దాన్నే బొమ్మగా చేసి పెట్టేస్తారు. ఆ బొమ్మలో ఉన్న మాట సెర్చిలో దొరకదు, చూపు లేనివాళ్ళకు ఫోన్ చదివి వినిపించలేదు, పెద్దది చేస్తే అలుక్కుపోతుంది. అసలు అక్షరాలే ఉంచి, పేజీకి భాష ‘టీఈ’ అని రెండక్షరాలు రాస్తే ఫోన్ తెలుగు గొంతుతో చదివి వినిపిస్తుంది.

టికెట్ మెసేజీ ఇంగ్లిష్‌లోనే ఎందుకంటే ఖర్చంటారు. నిజమే, ఇంగ్లిష్‌లో ఒక మెసేజీకి 160 గుర్తులు పడితే తెలుగులో 70. దాటితే 67 చొప్పున ముక్కలవుతుంది. అయితే పొదుపుగా రాయండి. “రాత్రి 9:30, సీటు 14, బెంజి సర్కిల్, గుంటూరు వైపు” అని తెలుగులో రాసి లెక్కపెట్టండి, ఒక్క మెసేజీలో పడుతుంది. ఇప్పుడు పంపుతున్న ఇంగ్లిష్ మెసేజీలో ధన్యవాదాలు, ఆఫర్లు, యాప్ దించుకోండి అని లింకు, అన్నీ ఉన్నాయి. ఫ్లైఓవర్ కింద బస్సు ఏ వైపు ఆగుతుందో ఒక్కటే లేదు. మ్యాప్ లింకు నొక్కితే సర్కిల్ నడిమధ్యన గుర్తు పడుతుంది, అక్కడ ఏ బస్సూ ఆగదు.

ఆ ట్రావెల్స్ వాళ్ళకో, వాళ్ళకు పేజీ కట్టినవాళ్ళకో ఈ పోస్టు ఎవరి ద్వారానైనా చేరుతుందనే రాస్తున్నా. ఓటీపీ సంగతి వారంలో చూసుకోండి. ముందు ఆ హైట్ 40 తీసేసి మిన్ హైట్ పెట్టండి, లైన్ హైట్ 1.7 చేయండి, టికెట్ పేజీలోంచి మూడు ఫొటోలూ పీకేయండి, క్యూఆర్ వెనక తెలుపు వేయండి. అరగంట పట్టదు. ఈ రాత్రి 9:30 బస్సుకు మళ్ళీ జనం వచ్చి నిలబడతారు.