బెయిల్ వచ్చింది, మనిషి రాలేదు

టీవీలో "బెయిల్ మంజూరు" అని స్క్రోలింగ్ పడగానే మనలో సగం మంది "అందరికీ బెయిళ్లే, ఇంక శిక్షలెక్కడ" అని విసుక్కుంటారు. మిగతా సగం మంది ఆ మనిషి సాయంత్రానికల్లా ఇంటికెళ్లి స్నానం చేసి అన్నం తింటున్నాడనుకుంటారు. పేరున్నవాళ్ల విషయంలో రెండోది నిజమే. జైలు గేటు ముందు కార్లు, దండలు, పైన డ్రోన్ కెమెరా. సెల్‌ఫోన్ దొంగతనం కేసులో రిమాండుకెళ్లిన అడ్డా కూలీ సంగతి వేరు. పదిహేనో రోజున బెయిల్ వచ్చినా, డెబ్బయ్యో రోజున కూడా అదే బ్యారక్‌లో ఉండొచ్చు. ఆర్డర్‌లో చివరన ఒక వాక్యం ఉంటుంది: పది వేల రూపాయల సొంత పూచీకత్తు, అంతే మొత్తానికి ఇద్దరు ష్యూరిటీలు, అంటే పూచీ పడే జామీనుదారులు. అతన్ని లోపల ఉంచేది పోలీసూ కాదు, జైలరూ కాదు, ఆ వాక్యమే.

జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ 2022 జైలు గణాంకాల ప్రకారం దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నూటికి 75 మందికి పైగా ఇంకా నేరం రుజువు కానివాళ్లు. వీళ్లందరూ బెయిల్ దొరకని వాళ్లు కాదు. బెయిల్ వచ్చాక కూడా లోపలే ఉన్నవాళ్లు సుమారు 5,000 మందని జాతీయ న్యాయ సేవాధికార సంస్థే సుప్రీంకోర్టుకు చెప్పింది. గట్టిగా పట్టించుకుంటే అందులో 1,417 మంది బయటికొచ్చారు. అప్పటిదాకా పట్టించుకున్నవాళ్లు లేరన్నమాట.

ఇద్దరు ష్యూరిటీలంటే పేపర్ మీద రెండు సంతకాలు. నేల మీద వేరే. ఆ ఇద్దరూ స్వయంగా కోర్టుకు రావాలి. ఇంటి పన్ను రసీదో, పట్టాదారు పాస్‌పుస్తకమో, ఉద్యోగి అయితే జీతం స్లిప్పో తేవాలి. కొన్ని కోర్టుల్లో ఆస్తి స్తోమత ఉందని తహసీల్దారు ఇచ్చే సాల్వెన్సీ సర్టిఫికెట్ అడుగుతారు. దానికి అర్జీ పెట్టాలి, తిరగాలి. ఆధార్, ఫొటోలు సరే. ఇప్పటికే ఎంతమందికి ష్యూరిటీగా ఉన్నారో రాసివ్వాలి, అది సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 486 నిబంధన. ఆ రోజు మేజిస్ట్రేట్ సెలవులో ఉంటే ఇంకో రోజు. అన్నీ సరిపోయి రిలీజ్ ఆర్డర్ చేతికొచ్చేసరికి సాయంత్రమై, జైల్లో లాకప్ వేళ దాటితే మళ్లీ మర్నాడే. ఇదంతా ఎవరు చేయాలి? రోజు కూలీ వదులుకుని, మనవాడు కూడా కాని మనిషి కోసం తన ఇంటి కాగితాన్ని కోర్టులో పెట్టేవాడు. అద్దె గదిలో ఐదుగురు ఉండే వలస కూలీకి అలాంటివాళ్లు ఇద్దరు ఎక్కడ దొరుకుతారు?

ఒకవేళ అతని మీద ఆరు కేసులుంటే? ఒక్కో కేసుకు ఇద్దరు, మొత్తం పన్నెండు మంది. 2024 ఆగస్టులో గిరీశ్ గాంధీ కేసులో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది ఇదే. వేర్వేరు రాష్ట్రాల్లో 13 కేసులు, అన్నిట్లో బెయిల్, చాలావాటికి ష్యూరిటీలు మాత్రం లేరు. మనిషికి ష్యూరిటీ ఉండేది దగ్గరి బంధువో, పాత స్నేహితుడో, ఆ వలయం చిన్నదని ఒప్పుకుని, అదే ఇద్దర్ని పలు కేసులకు వాడుకోనిచ్చింది. సుప్రీంకోర్టు దాకా వెళ్లగలిగాడు కాబట్టి తేలింది.

ఇక చిన్న చిన్న పొరపాట్లు. బెయిల్ వచ్చేనాటికి కేసుకు పోలీస్ స్టేషన్ ఇచ్చిన క్రైమ్ నంబరే ఉంటుంది. ఈలోపు ఛార్జిషీటు పడి కోర్టు ఇచ్చే సీసీ (క్యాలెండర్ కేసు) నంబరో, సెషన్స్ కేసైతే ముందు పీఆర్‌సీ (ప్రిలిమినరీ రిజిస్టర్ కేసు), ఆ తర్వాత ఎస్సీ (సెషన్స్ కేసు) నంబరో వస్తుంది. ఆర్డర్‌లో ఒక నంబరు, జైలు రికార్డులో ఇంకోటి. తండ్రి పేరులో ఒక అక్షరం తేడా. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, రిమాండ్ వారెంట్‌లో వెనక. జైల్లో ఉన్నవాణ్ని ఇంకో కేసులో హాజరుపరచడానికి ఇంకో జిల్లా పోలీసులు వేసిన పీటీ వారెంట్ అప్పటికే పెండింగ్‌లో ఉంటుంది, గేటు దాకా వచ్చినవాణ్ని అట్నుంచి అటే వ్యాన్ ఎక్కిస్తారు. బయట ఎదురుచూస్తున్న తల్లికి ఈ పీటీ వారెంట్ అన్న మాట కొత్త.

చట్టం ఇంత కఠినంగా ఉందా అంటే, లేదు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. పాత సీఆర్‌పీసీ నుంచి ఇప్పటి బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 484 దాకా ఒకే మాట: బాండ్ మొత్తం మనిషి పరిస్థితిని బట్టి ఉండాలి, ఎక్కువ కాకూడదు. సెక్షన్ 485 ప్రకారం ష్యూరిటీ స్తోమతకు అఫిడవిట్ సరిపోతుంది, విచారణ అవసరమనుకుంటేనే జరపాలి. సెక్షన్ 490 ప్రకారం మంచి ప్రవర్తన బాండ్లకు తప్ప మిగతావాటికి బాండ్ బదులు నగదు డిపాజిట్‌కు కోర్టు ఒప్పుకోవచ్చు. బెయిలబుల్ నేరాల్లో అయితే సెక్షన్ 478 ఇంకా సూటిగా ఉంటుంది: అరెస్టయిన వారంలోపు ష్యూరిటీ తేలేకపోతే ఆ మనిషిని నిరుపేదగానే భావించాలి, సొంత బాండ్ మీద వదలాలి. ఇన్ని తలుపులుంటే ఎవరూ తోయరు. "ఇద్దరు ష్యూరిటీలు" అన్న వాక్యం ఆర్డర్‌లోకి అలవాటుగా వచ్చేస్తుంది.

ఇదేదో ఇప్పుడు కనిపెట్టిన సంగతీ కాదు. 1978లో మధ్యప్రదేశ్‌లో ఒక తాపీమేస్త్రీకి మేజిస్ట్రేట్ పది వేల బాండ్ అడిగి, సోదరుడు వస్తే అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని తిప్పి పంపాడు. మోతీరామ్ కేసుగా అది సుప్రీంకోర్టుకెళ్లింది. జస్టిస్ కృష్ణయ్యర్ వెయ్యి రూపాయల సొంత బాండ్ మీద వదలమన్నారు. ఆ తీర్పులోనే అడిగారు: మలయాళీయో, కన్నడిగుడో, తమిళుడో, ఆంధ్రుడో బస్తర్‌లోనో పోర్ట్ బ్లెయిర్‌లోనో అరెస్టయితే అక్కడ ఆస్తులున్న ష్యూరిటీని ఎక్కణ్నుంచి తెస్తాడని. నలభై ఏడేళ్లు దాటాయి. ఇప్పుడు ఒడిశా నుంచో బిహార్ నుంచో హైదరాబాద్ కట్టడాల దగ్గరికొచ్చిన కూలీని మనం అదే ప్రశ్న ముందు నిలబెడుతున్నాం. మన పేరు చెప్పి అడిగిన ప్రశ్నకు మన దగ్గర కూడా జవాబు లేదు.

ష్యూరిటీ దొరకనిచోట అద్దె ష్యూరిటీ పుడతాడు. ఒకే ఇంటి పన్ను రసీదు నాలుగు కోర్టుల్లో తిరుగుతుంది, నకిలీ స్టాంపులు తయారవుతాయి, అప్పుడప్పుడూ ముఠా దొరికిందని జిల్లా పేజీల్లో వార్త. వెంటనే కోర్టులు ఇంకో వెరిఫికేషన్ పెడతాయి. దాంతో నిజమైన ష్యూరిటీకి ఇంకో రెండు రోజులు పోతాయి, అద్దెవాడి రేటు పెరుగుతుంది. ఇంతకీ ముద్దాయిని కోర్టుకు రప్పించాల్సినవాడు ఆ ముద్దాయి మొహం కూడా ఎరగడు. దీన్నే మనం గ్యారంటీ అంటున్నాం.

అన్నిటికన్నా దారుణం డిఫాల్ట్ బెయిల్‌లో జరుగుతుంది. పోలీసులు 60 రోజుల్లో, పెద్ద నేరాలైతే 90 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే బెయిల్ ముద్దాయి హక్కు. 2017 నాటి రాకేశ్ కుమార్ పాల్ తీర్పు ప్రకారం నోటిమాటగా అడిగినా చాలు. రిమాండ్ చేసిన రోజును కూడా లెక్కలో కలపాలని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంతవరకు బాగానే ఉంది. 61వ రోజున అడిగాడు, కోర్టు ఇచ్చింది, ఫలానా తేదీలోపు ష్యూరిటీలు పెట్టమంది. పెట్టలేకపోయాడు. అలా గడువు దాటితే అతన్ని లోపల ఉంచడం సక్రమమేనని 2020లో రవీంద్రన్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. ఈలోపు ఛార్జిషీటు వచ్చి పడితే ఆ హక్కుకు కాలం చెల్లినట్టే. గడువు తప్పింది పోలీసులు, శిక్ష మాత్రం ఇద్దరు ష్యూరిటీలు లేనివాడికి.

పరిష్కారాలు లేక కాదు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఏడు ఆదేశాలిచ్చింది. బెయిల్ ఆర్డర్ కాపీని అదే రోజు లేదా మర్నాడు జైలుకు ఈమెయిల్ చేయాలి. జైలు సూపరింటెండెంట్ ఆ తేదీని జైళ్ల ఆన్‌లైన్ రికార్డు వ్యవస్థ ఈ-ప్రిజన్స్‌లో ఎక్కించాలి. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి, ఆ సంస్థ పారాలీగల్ వలంటీర్‌నో జైలు విజిటింగ్ లాయర్‌నో పంపవచ్చు, మనిషి ఆర్థిక పరిస్థితి మీద నివేదిక తెప్పించి కోర్టు ముందు పెట్టవచ్చు. నెల దాటినా బాండ్లు పెట్టలేకపోతే కోర్టు తనంతట తానే షరతులు సడలించడాన్ని పరిశీలించవచ్చు. స్థానిక ష్యూరిటీయే కావాలని పట్టుబట్టడం ఆలస్యానికి ఒక కారణమని, అలాంటి షరతు పెట్టకపోవచ్చని కూడా చెప్పింది. చక్కటి గొలుసే. ఎక్కడ తెగుతుందంటే ఏడో రోజు దగ్గర. ఈ-ప్రిజన్స్‌లో తేదీ ఎక్కితేనే ఏడు రోజుల లెక్క మొదలవుతుంది. ఎక్కించకపోతే ఆ మనిషి ఏ జాబితాలోనూ కనపడడు.

కేంద్ర హోంశాఖ పేద ఖైదీల పథకం కూడా ఉంది. 2023లో మొదలైనప్పటి లెక్క ప్రకారం ఏడాదికి 20 కోట్లు, విచారణ ఖైదీకి రూ.40,000 దాకా, శిక్ష పడ్డవాడి జరిమానాకు రూ.25,000 దాకా. కలెక్టరు, ఎస్పీ, న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి, జైలు సూపరింటెండెంట్, జైలు ఇన్‌ఛార్జి జడ్జి కలిసిన కమిటీ మంజూరు చేయాలి. మాదకద్రవ్యాల చట్టం ఎన్‌డీపీఎస్, చట్టవిరుద్ధ కార్యకలాపాల చట్టం ఉపా లాంటి కేసులకు వర్తించదు, అంటే గంజాయి మోసిన కూలీకి ఇది లేనట్టే. అసలు మెలిక ఏమిటంటే పథకం ఇచ్చేది డబ్బు, ఆర్డర్ అడిగేది మనుషుల్ని. ష్యూరిటీ బదులు నగదు డిపాజిట్‌కు కోర్టు ఒప్పుకుంటేనే ఆ డబ్బుకు పని. కాబట్టి ముందు షరతు మార్చమని పిటిషన్, ఆ తర్వాతే కమిటీకి అర్జీ. ఈ వరస తిరగబడితే ఫైలు రెండు ఆఫీసుల మధ్య తిరుగుతూనే ఉంటుంది.

కొత్త చట్టంలో నాకు నచ్చిన ఒకే ఒక్క చోటు సెక్షన్ 479. మొదటిసారి వాడు, అంటే గతంలో ఎప్పుడూ నేరం రుజువు కానివాడు, గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపల గడిపితే వదలాలి, మిగతావాళ్లను సగం గడిపితే. దొంగతనానికి గరిష్ఠం మూడేళ్లు కాబట్టి ఏడాది. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు ఇది లేదు. ఒకటికి మించి కేసులున్నవాళ్లకూ ఇది వర్తించదన్నారు, అది మాత్రం ఘోరం. అయితే అక్షరాలు జాగ్రత్తగా చదవండి. మిగతావాళ్లను "బెయిల్" మీద వదలమని, మొదటిసారి వాళ్లను "బాండ్" మీద వదలమని ఉంది. సెక్షన్ 2లోని నిర్వచనం ప్రకారం బాండ్ అంటే ష్యూరిటీ లేని సొంత పూచీ. అంటే వీళ్లను ఇద్దరు ష్యూరిటీలు అడగడానికి వీల్లేదు. ఈ చట్టం అమల్లోకి వచ్చిన 2024 జులై 1కి ముందు నమోదైన కేసులకు కూడా ఈ సెక్షన్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు ఆ ఏడాది ఆగస్టులోనే చెప్పింది. దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యత కూడా జైలు సూపరింటెండెంట్ మీదే ఉంది.

"ష్యూరిటీ లేకపోతే పారిపోతారు కదా" అంటారు. పారిపోయేవాళ్లుంటారు, కాదనను. అలవాటైన నేరస్తుడికి, రౌడీషీటర్‌కి షరతులు గట్టిగా పెట్టండి. కానీ పారిపోయినవాణ్ని పట్టుకొచ్చేది ష్యూరిటీ కాదు, నాన్ బెయిలబుల్ వారెంట్ పట్టుకుని వెళ్లే కానిస్టేబుల్. బెయిల్ మీద ఉండి కోర్టుకు రాకపోవడమే ఐపీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్ సెక్షన్ 269 కింద ఏడాది దాకా శిక్ష పడే నేరం. అది అమలు చేయకుండా, నిలబడలేని ఇద్దరు మనుషుల్ని నిలబెట్టమనడం ఏం తర్కం?

ఇంట్లోవాళ్లెవరైనా ఇలా ఇరుక్కుని ఉంటే చేయగలిగింది ఇది. ఆర్డర్ కాపీ తీసుకుని జైలు రికార్డుతో పేరు, తండ్రి పేరు, కేసు నంబరు సరిచూడండి. పీటీ వారెంట్లు ఏమైనా పెండింగ్‌లో ఉన్నాయేమో జైలులో అడగండి. ఏడు రోజులు దాటితే న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, తేదీతో రసీదు తీసుకోండి. లాయరు ఉచితం. షరతు సడలింపు పిటిషన్‌లో "దయచేసి తగ్గించండి" అని కాదు, సంపాదన ఎంత, ఎన్ని రోజులుగా లోపలున్నాడు, ఎంతమందిని అడిగితే ష్యూరిటీకి ఎందుకు రాలేదు, సొంత ఊరి చిరునామా, ఫోన్ నంబరు అన్నీ రాయించండి. చివర్లో రెండు కోరికలూ విడివిడిగా ఉండాలి: సొంత బాండ్ మీద విడుదల, అది కుదరకపోతే సెక్షన్ 490 కింద నగదు డిపాజిట్.